కత్తెరకు పూచీ

కటింగ్ బల్ల దగ్గర నుంచి
జూన్ 6, శుక్రవారం

వదినకు,

నీ సీరియల్ ఐదో వారం ఈ మధ్యాహ్నం మా కుట్టుపని హాల్లో విడుదలైంది. భోజనాల గంట కొట్టగానే మిషన్లు ఆగుతాయి, నేను బల్ల మీదకెక్కి కూర్చుంటాను, తొమ్మిదిమంది చుట్టూ చేరతారు, నేను పైకి చదువుతాను. అదే విడుదలంటే. కాజాల పెద్దమ్మకు చూపు కాజా వరకే ఆనుతుంది, అక్షరం ఆనదు. కాలర్లు కుట్టే అక్కాచెల్లెళ్ళకు చదవడం వచ్చుగానీ నేను చదివితేనే బాగుంటుందట. "రాసింది మా వదినే" అని మొదటివారమే డప్పు కొట్టేశాను. పత్రికలో నీ ఫోటో కత్తిరించి గోడమీద కొలతల పట్టిక పక్కన అంటించాను కూడా.

ఒక్క ఫిర్యాదు ఉంది. నీ కథానాయకుడు రెండు వారాల నుంచి మేడమెట్లు దిగుతూనే ఉన్నాడు. కాస్త తొందరగా దింపు తల్లీ, మా భోజనాల గంట అరగంటే.

ఇక్కడ బడి యూనిఫాంల ఆర్డరు నడుస్తోంది. ఎనిమిది పొరలు పరిచి ఒకేసారి కోస్తున్నాను. ఓనరమ్మ నాకోసం పన్నెండంగుళాల కొత్త కత్తెర తెప్పించింది. కొత్త సూపర్‌వైజరు నా కంటికొలత నమ్మనంటే మొన్న వాణ్ణి పైనుంచి కిందకు ఒకసారి చూసి ఛాతీ ముప్పై తొమ్మిదిన్నర అన్నాను. టేపు పెడితే సరిగ్గా అంతే. పొట్ట కొలత పైకి చెప్పలేదు, కొత్తగా చేరిన మనిషి కదా.

అన్నయ్య ఎలాగూ అడుగుతాడు, ముందే రాస్తున్నాను. రాత్రి మాత్ర మానలేదు. నెలకోసారి డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను. నిద్ర పడుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చి ఆరేళ్ళు నిండాయి.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు, రాసే గది
జూన్ 15

పిన్నీసూ,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యా నేనూ పడిపడి నవ్వాం. కథానాయకుణ్ణి వచ్చేవారం తప్పకుండా దింపేస్తాను.

మా ఎడిటరుకు కథలో ఉప్పూకారం చాలడం లేదట. పాఠకులు వారం చివర ఉలిక్కిపడాలంటాడు. అందుకని ఒక కొత్త పాత్రను తెస్తున్నాను. ఎవరో ఇప్పుడే చెప్పను.

ఊరికే ఒక మాట అడుగుతాను, ఇష్టం లేకపోతే జవాబు రాయకు. ఆ రోజుల్లో నువ్వు ఇంట్లో బట్టలన్నిటికీ కుట్లు విప్పేదానివి కదా, అప్పుడు నీ మనసులో ఏముండేది? నేను నీ పక్కనే ఉన్నాను కానీ ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు.

వదిన


కటింగ్ బల్ల దగ్గర నుంచి
జూన్ 22

వదినా,

ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషివి నువ్వు. మిగతా వాళ్ళంతా నేను ఏం చేశానో అడిగారు, ఎందుకు చేశానో ఎవరికీ అక్కర్లేకపోయింది. అందుకని దాచకుండా రాస్తున్నాను.

ప్రతి కుట్టు లోపలా నాకోసం ఎవరో ఏదో దాచారనిపించేది. మాట అనుకో, కబురు అనుకో. అన్నయ్య చొక్కాలు, కర్టెన్లు, దిండు గలీబులు, నీ పెళ్ళి జాకెట్టు అన్నీ విప్పాను. ఏమీ దొరికేది కాదు. దొరక్కపోతే ఇంకో కుట్టులో ఉందని అర్థం. ఒక్క ముక్క చించలేదు, గుర్తుందా? దారం మాత్రం లాగి, ముక్కలన్నీ మడతపెట్టి పేర్చేదాన్ని. చాలా భయంగా ఉండేది వదినా. మీకు నన్ను చూస్తే భయం వేసిందని తర్వాత విన్నాను. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ భయపడ్డది నేను.

ఆసుపత్రిలో చేతులు మంచానికి కట్టేవారు. కట్టిన గుడ్డపేలిక అంచు ఎంత అధ్వానంగా కుట్టి ఉందో చూసి ఏడుపాపుకున్న రోజులున్నాయి. బాగయ్యాక చుట్టాలు ఫలహారం పళ్ళేన్ని నా చేతికివ్వకుండా పక్కన పెట్టి వెనక్కి జరిగేవారు. ఆసుపత్రికి రోజూ వచ్చినదానివి నువ్వొక్కదానివే. చేతికట్లు విప్పించిందీ నువ్వే. అది నేను మర్చిపోను.

ఇక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

నీ ఆడపడుచు


కటింగ్ బల్ల దగ్గర నుంచి
జూలై 18, శుక్రవారం

వదినా,

ఈ రోజు పదకొండో వారం చదివాను. పైకి చదివాను, తొమ్మిదిమంది ముందు.

మేడ వెనకగదిలో ఉండే పిచ్చి దర్జీ. బట్టల కుట్లు విప్పి ముక్కలు పేర్చుకుంటుంది. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపేశాను. "ఏమైందే, ఆగావు?" అంది కాజాల పెద్దమ్మ. ముక్క నమిలి మింగుతున్నానని చెప్పి మళ్ళీ అందుకున్నాను. ఆవిడ కత్తెరతో మాట్లాడుతుందని రాశావు. మనుషుల్ని పైనుంచి కిందకు చూసి కొలతలు తీస్తుందట, కొలిచినవాళ్ళు వారం తిరక్కుండా శవమవుతారని ఆ మేడలో వాళ్ళ భయమట. కంటికొలత నా పనితనం. పాతికేళ్ళు పట్టింది నాకు అది రావడానికి. దాన్ని తీసుకెళ్ళి హత్య కింద రాశావు.

అంతటితో అయిపోలేదు. పేజీ చివర చిన్న బాక్సులో నీ ఫోటోతో నాలుగు ముక్కలున్నాయి. "మీ వదిన బొమ్మ కింద ఏం రాశారో అదీ చదువు" అన్నారు. ముందు చూసుకోవాలన్న తెలివి నాకు లేకపోయింది, చదివేశాను. "ఈ పాత్ర నా ఊహ కాదు. మా ఇంటి మనిషే. వృత్తి దర్జీ పని. ఆసుపత్రిలో రెండు నెలలు ఉంది. ఆమెను దగ్గరుండి చూశాను." నా గుట్టు నా నోటితోనే చదివాను వదినా. చివరి మాట అయ్యేసరికి హాల్లో ఎవరూ నమలడం లేదు.

మీ ఇంటి దర్జీ ఎవరో వీళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుంది? నీ ఫోటో గోడకు అంటించింది నేనే కదా.

జూన్‌లో నువ్వు ఊరికే అడిగిన ప్రశ్న ఊరికే కాదన్నమాట. సీరియల్ ఇంకా ఏడు వారాలుందని చెప్పావు. ఆ దర్జీ చేత ఎవరినీ చంపించకు. ఇది బతిమాలడం కాదు, అడగడం.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు, రాసే గది
జూలై 24

పిన్నీసూ,

నీ ఉత్తరం అందింది. పత్రికవాళ్ళు ఫోనులో అడిగితే ఏదో అన్నాను, అచ్చేస్తారనుకోలేదు. పాత్ర వేరు, నువ్వు వేరు. రచయిత ఎక్కడెక్కడివో ముక్కలు ఏరుకుని కొత్త మనిషిని కుడుతుంది, నీ పనిలాంటిదే ఇదీ. ఆ పాత్ర మీద జాలిపడి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో తెలుసా? ఒకాయన ఇంత సహజమైన పిచ్చిదాన్ని ఇంతవరకు చదవలేదన్నాడు.

నువ్వు మామూలుగా ఇంత కోపంగా రాయవు. అక్షరాలు కూడా వంకరపోయినట్టున్నాయి. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా? నిద్ర పడుతోందా? డాక్టరుకు ఒకసారి చూపించుకుంటే తప్పేముంది? మీ అన్నయ్య కూడా అదే అంటున్నాడు.

వదిన


కటింగ్ బల్ల దగ్గర నుంచి
జూలై 29

వదినా,

వేసుకుంటున్నాను. మొన్న వేసుకున్నాను, నిన్న వేసుకున్నాను, ఈ రాత్రీ వేసుకుంటాను. ఇప్పుడు నా కోపానికి జవాబు చెప్పు.

అన్నయ్య కూర పళ్ళెం విసిరికొడితే ఆఫీసులో ఏదో జరిగి ఉంటుందంటారు. నువ్వు తలుపు వేసుకుని రెండు రోజులు మాట్లాడకపోతే రాసుకుంటోందంటారు. నేను గొంతు పెంచితే మాత్రం మాత్రల డబ్బా లెక్క చూస్తారు. నాకు కోపం రావడానికి కారణం ఉండకూడదా? అక్షరాలు వంకరపోయింది ఒళ్ళు మండి.

పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట అని సామెత. విన్న ప్రతిసారీ జనం నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సామెతలో ఉన్నదొకటే, బాగయ్యానని వాడు చెబితే నమ్మొద్దని. పిచ్చివాడి చేతిలో రాయి అని ఇంకోటి. రాళ్ళు వేసింది ఎవరు? నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారం మన వీధి చివర ఎవరు ఎవరి మీద వేశారో నువ్వు చూశావు.

మీ కథల్లో పిచ్చివాళ్ళు రెండే రకాలు. ఒకడు నవ్వించడానికి, ఒకడు చంపడానికి. పొద్దున్నే లేచి, బస్సు పట్టుకుని, సాయంత్రం దాకా పనిచేసి, రాత్రి మాత్ర వేసుకుని పడుకునే మూడోవాడు ఒక్క పేజీలోనూ కనబడడు. వాడు మీకు పనికిరాడు, వాణ్ణి చూసి పాఠకులు వారం చివర ఉలిక్కిపడరు కదా.

ఇక్కడి సంగతి చెబుతాను. కాలర్ల అక్కాచెల్లెళ్ళు తమ స్టూళ్ళు నా బల్లకు రెండు గజాలు దూరం జరుపుకున్నారు. సూపర్‌వైజరు నేను తలెత్తితే చాలు, చొక్కా గుండీ సర్దుకుంటాడు. అలవాటు కొద్దీ ఎవరినైనా చూస్తే చాలు, పక్కకు తప్పుకుంటున్నారు. నేను నేల చూస్తూ నడుస్తున్నాను వదినా. పెద్దమ్మ ఒక్కతే మునుపటిలా నా పక్కన కూర్చుని తింటోంది. "నీకు జబ్బు చేసింది, నాకు కీళ్ళనొప్పి. అయితే ఏంటట?" అంది.

ఓనరమ్మ మాత్రం ఆ కథను పట్టించుకోలేదు. "కథలు కథలే, నువ్వు కోసిన బట్టలో వంక వస్తే అప్పుడు చూద్దాం" అంది. ఆ మాట పట్టుకునే పనికి వస్తున్నాను. నా ప్రశ్నకు నువ్వింకా జవాబు రాయలేదు. చంపుతుందా, లేదా?

నీ ఆడపడుచు


మూడో అంతస్తు
ఆగస్టు 4

పిన్నీసమ్మా,

నువ్వు బాగుండటమే మాకు కావాలి. దేనికీ బెంగపెట్టుకోకు. కథ సంగతి నేను చూసుకుంటాను. పని తగ్గించుకుని విశ్రాంతి తీసుకో. నీ మేలుకోరి ఎవరు ఏం చేసినా అపార్థం చేసుకోవద్దు. అన్నయ్య నిన్ను తలుచుకోని రోజు లేదు.

వదిన


మడతల బల్ల దగ్గర నుంచి
ఆగస్టు 14

వదినకు,

బల్ల మారింది, గమనించావా? ఇక్కడ కుట్టిన చొక్కాలు మడతపెట్టి అట్టముక్క దూర్చి కవర్లో వేస్తాను. కత్తెరతో పని లేదు. దారం తెంపాలంటే కూడా పక్కమనిషిని అడగాలి.

పోయిన శుక్రవారం పొద్దున వచ్చేసరికి నా కత్తెర బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది. సీరియల్ చదివి భయపడ్డారా అని ఓనరమ్మను అడిగాను. తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పింది. చివరికి సొరుగులోంచి కవరు తీసి నా ముందు పెట్టింది. "దాచమన్నారు. నీ దగ్గర దాచలేను" అంది.

నీ చేతిరాత గుర్తుపట్టడానికి నాకు కవరు మీద ఒక్క అక్షరం చాలు. "మా ఆడపడుచు మానసిక స్థితి ఈ మధ్య మళ్ళీ ఆందోళనకరంగా ఉంది. దయచేసి పదునైన వస్తువులు ఆమెకు అందకుండా చూడగలరు. ఈ విషయం ఆమెకు తెలియనివ్వకండి." కింద అన్నయ్య సంతకం. తేదీ జూలై 26. నేను కోపంగా రాసిన ఉత్తరం మీకు అందిన మూడోరోజో నాలుగోరోజో అయి ఉంటుంది.

నీ సీరియల్ మొత్తంలో ఇంత బాగా ఎక్కడా రాయలేదు. ఒక్క మాట ఎక్కువ లేదు.

ఓనరమ్మ పత్రికలో కథను నమ్మలేదు. కడుపులో పెట్టుకు చూసుకునే ఇంటివాళ్ళు రాసిన ఉత్తరాన్ని ఎలా నమ్మకుండా ఉంటుంది? డాక్టరు దగ్గర నుంచి బాగానే ఉందని కాగితం తెచ్చి చూపించాను. "డాక్టరు నెలకు పది నిమిషాలు చూస్తాడు, ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తారు కదా" అంది. మీరు వేరే ఊరికి మారిపోయారని, నేనిక్కడ గదిలో ఒక్కదాన్నే ఉంటున్నానని, మీరు నన్ను చూసి ఏడాదిన్నర అయిందని చెప్పాను. తల ఊపింది. మీరు ఇంకో ఉత్తరం రాసి ఫర్వాలేదంటే కత్తెర ఇస్తానంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే హాల్లో కోస్తున్నాను. ఆసుపత్రి రెండు నెలలూ వేరే జబ్బని సెలవు పెట్టిందీ ఇక్కడే. నేను బాగున్నానన్న మాట నేను చెబితే చెల్లదు, నువ్వు చెబితే చెల్లుతుంది.

నువ్వు రాయొద్దు. రా. ఇక్కడికొచ్చి నా బల్ల ముందు నిలబడు. ఓనరమ్మ ముందు, అందరి ముందు నీకు జాకెట్టు కొలత తీస్తాను, మెడ దగ్గర గుడ్డ పెట్టి, నీ ఒంటిమీదే కత్తిరిస్తాను. కదలకుండా నిలబడు చాలు. అంతకన్నా పెద్ద ఉత్తరం అక్కర్లేదు.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు, రాసే గది
ఆగస్టు 27

పిన్నీసూ,

వచ్చాను. నీకు తెలియదు.

పోయిన మంగళవారం మీ కుట్టుపని హాలు గేటు దాకా వచ్చాను. కిటికీలోంచి మిషన్ల చప్పుడు వినబడుతోంది. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నువ్వు నా మెడ దగ్గర కత్తెర పెడతావు, నేను కదలకూడదు. ఆ ఒక్క సంగతే కళ్ళ ముందు ఆడింది. పదకొండో వారంలో నేను రాసిన వాక్యాలే నన్ను పట్టుకున్నాయి. నువ్వు ఎవరికీ హాని చేయలేదని నాకు తెలుసు, ఆ రెండు నెలలూ నీ చేతులు పట్టుకు కూర్చున్నదాన్ని. అయినా గేటు తీయలేదు. బస్సెక్కి వచ్చేశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. చంపే అధ్యాయం అచ్చయిపోయింది, ఎల్లుండి శుక్రవారం వస్తుంది. ఎడిటరు ఒప్పుకోలేదని నీకు రాద్దామనుకున్నాను. నిజం ఏమిటంటే ఎడిటరును నేను అడగలేదు. చందాదారులు పెరిగారని ఫోను చేసి చెప్పాడు, సంతోషంగా విన్నాను. ఆ ఉత్తరం మీ ఓనరమ్మకు రాసింది నీ మేలు కోరి కాదు. నీ కోపానికి జవాబు దొరక్క రాశాను. నీకు పిచ్చి తిరగబెట్టిందంటే నేను తప్పు చేయనట్టే కదా. మీ అన్నయ్య చదవకుండానే సంతకం పెట్టాడు.

దీనితో మీ ఓనరమ్మకు ఇంకో ఉత్తరం పెడుతున్నాను. అంటించలేదు, చదివి ఇవ్వు. నువ్వు పూర్తి ఆరోగ్యంగా ఉన్నావనీ, మొదటి ఉత్తరం నా తప్పనీ, నీ బాధ్యత మాదనీ రాశాను. నీ కత్తెర నీకు ఇస్తారు.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

వదిన


కటింగ్ బల్ల దగ్గర నుంచి
సెప్టెంబరు 3

వదినా,

పైన రాసిన చోటు చూశావు కదా. జరిగింది చెబుతాను.

నా బల్ల దగ్గర ఎవరో కొత్త కటింగ్ మాస్టరును పెట్టారు. నూట అరవై లాగుల బట్టను నిలువుకు బదులు అడ్డానికి పరిచి కోసేశాడు. కుట్టాక ఒక్క లాగూ కాలికి సరిగా జారదు, మెలితిరుగుతుంది. సోమవారం పొద్దున ఆ ముక్కలు చూసి ఓనరమ్మ తల పట్టుకుంది. నేను మడతల బల్ల వదిలి ఆమె ముందుకెళ్ళాను. పని పాడైంది కాబట్టి నా అవసరం పడిందని నాకు తెలుసు, ఆమె మనసు మారిందేం కాదు. అయినా ఆ అదను వదులుకోదలచలేదు.

హాల్లో అందరికీ వినబడేట్టే చెప్పాను. "నాకు జబ్బు చేసిన మాట నిజం. మందు వాడుతున్న మాట నిజం. తిరగబెడితే ముందు తెలిసేది నాకే, ఆ రోజు నేనే కత్తెర తెచ్చి మీకిస్తాను. నా మాట మీద ఇస్తే ఇవ్వండి. మా ఇంటివాళ్ళ ఉత్తరం మీదైతే నాకొద్దు, ఈ రోజే మానేస్తాను."

ఓనరమ్మ మళ్ళీ మీ ఉత్తరం గురించే మొదలుపెట్టింది. అప్పుడు కాజాల పెద్దమ్మ సూది బల్లకు గుచ్చి లేచింది. "ముప్పై ఏళ్ళుగా మీ నోటిమాట మీద పనిచేస్తున్నానమ్మా. మీ వాళ్ళ దగ్గర ఉత్తరం పట్టుకురమ్మని నేనెప్పుడైనా అడిగానా? దాని మాట దానికెందుకు చాలదు?" అంది. కాలర్ల అక్కాచెల్లెళ్ళు తలెత్తలేదు. స్టూళ్ళు ఇంకా రెండు గజాల దూరంలోనే ఉన్నాయి. సూపర్‌వైజరు గుండీ సర్దుకున్నాడు. అందరూ మారిపోయారని రాయడానికి ఇది నీ సీరియల్ కాదు. కానీ ఓనరమ్మ బీరువా తీసింది. కత్తెర పిడి నా వైపు తిప్పి ఇచ్చింది.

సాయంత్రానికి లాగులకు కొత్త బట్ట పరిచాను. నిలువుగా.

నువ్వు వచ్చిన మంగళవారం మడతల బల్ల పక్క కిటికీలోంచి నిన్ను చూశాను. నడక బట్టే గుర్తుపట్టాను. లోపలికి వస్తావని టేపు మెడలో వేసుకుని నిలబడ్డాను. నువ్వు వెళ్ళిపోయాక తీసేశాను. భయపడ్డానని ఒప్పుకున్నావు, అది మంచిదే. ఇంతవరకు నీ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాల్లో నన్ను చూసి కాక నిన్ను నువ్వు చూసుకుని రాసింది ఇదొక్కటే. శుక్రవారం వచ్చిన ఆ చంపే అధ్యాయాన్ని ఇక్కడ నేను పైకి చదవలేదు, చదవమని ఎవరూ అడగలేదు. క్షమించడం సంగతి ఇప్పుడు నన్ను అడగకు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, మాత్ర వేసుకున్నాక కూడా.

ఓనరమ్మకు నువ్వు రాసిన ఉత్తరం నిన్న, మంగళవారం అందింది. చదివాను. ఆమెకు ఇవ్వలేదు, దీనితోనే నీకు తిప్పి పంపుతున్నాను. అది ఒక్కరోజు ఆలస్యంగా రావడం నా అదృష్టం. ముందే వచ్చి ఉంటే తీసుకెళ్ళి ఇచ్చేసేదాన్నేమో, బతికినన్నాళ్ళూ నీ పూచీ మీద బట్ట కోసేదాన్ని.

నీ ఆడపడుచు